బూడిదగుట్టకు సున్నం కొట్టి వచ్చాను

ఖరగపూర్ వెళ్ళివచ్చినవాళ్ళు ఎవరైనా అక్కడి ప్లాట్‌ఫారం పొడవు గురించి చెబుతారు. నేను మిడతల గురించి చెబుతాను. ప్లాట్‌ఫారం సంగతి కూడా దారిలో వస్తుంది లెండి. అది చెప్పకపోతే నేను పలాస దాకా వెళ్ళి జీడిపప్పు కొనుక్కుని తిరిగొచ్చేశానని అనేవాళ్ళు మా విజయనగరంలో ఉన్నారు.

ముందుగా క్షేమసమాచారం. మనిషిగా నేను పూర్తిగానే తిరిగి వచ్చాను. నా పంచె మాత్రం పంచెగా రాలేదు, సున్నపు తలుపుగా వచ్చింది. ప్రస్తుతం పెరట్లో గోడకు చేరేసి ఉంది. మా ఆవిడ దాన్ని చూసినప్పుడల్లా నిట్టూరుస్తుంది. నేను చూసినప్పుడల్లా హమ్మయ్య అనుకుంటాను. ఎందుకు హమ్మయ్య అనుకుంటానో చెప్పడానికే ఈ కథనం.

మా అక్క అప్పలనరసమ్మ ఖరగపూర్‌లో కాపరం పెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. మా బావ సింహాద్రి అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళకి ఒక్కతే కూతురు, వరాలు. కలకత్తాలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదివింది. అక్కడితో ఆగి ఉంటే నేను రైలెక్కే అవసరం ఉండేది కాదు. సెప్టెంబరులో అక్క దగ్గర్నుంచి కార్డు వచ్చింది.

"తమ్ముడూ, వరాలు రెండేళ్ళనించీ పొద్దుట లేసీసి వలట్టుకొని బూడిదగుట్ట మీద మిడతల్ని పడతంది. పట్టినవాటిని ఏటైనా సేస్తాదా అంటే అదీ నేదు, రెక్కల మీద సుక్కలెట్టి ఒగ్గేస్తంది. ఇక్కడ తెలుగు బడిలో టీసరు పనికి దానికి ఆర్డరొచ్చింది. సుక్కురోరం లోగా ఒప్పుకోవాల. మీ బావ వొచ్చే యేడు రిటైరవుతాడు, కోటరు ఒగ్గీయాల. నీ మాటైతే ఇంటాది. బేగి రా."

నా మాట వింటారని ఒక మనిషి కార్డు ఖర్చు పెట్టి మరీ రాయడం నా నలభై తొమ్మిదేళ్ళ జీవితంలో అదే మొదలు. ఆ సాయంత్రమే టిక్కెట్టు తీశాను.

రైలులో

పలాసలో జీడిపప్పు, బరంపురంలో అప్పడాలు, బాలాసోర్‌లో బెంగాలీ పెద్దమనిషి ఎక్కాయి. పెద్దమనిషి అంటే పద్ధెనిమిది సామాన్ల మీద ఒక తలకాయ. ఎదురుగా కూర్చుని, కాగితం మీద మరమరాలు పోసి, వాటి మీద పచ్చి ఆవనూనె పోసి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ నాకూ సగం పెట్టాడు. ఆవనూనె సంగతి మనవాళ్ళకు ముందే చెప్పాలి. మొదటి గుప్పెడు నోట్లో వేసుకోగానే నా ముక్కులో ఇంజను కూత కూసింది. రెండో గుప్పెడుకి అలవాటైపోయింది. మూడోది నేనే అడిగి తీసుకున్నాను.

"దాదా, ఖరగపూర్‌లో ఎవరున్నారు?" అని హిందీలో అడిగాడాయన.

"నా మేనకోడలు. సైంటిస్టు," అన్నాను గొప్పగా. ఆ అమ్మాయి చేత ఆ పని మాన్పించడానికే వెళుతున్నానని ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు.

"ఏం కనిపెడుతోంది?"

"మిడతల్ని."

ఆయన మిరపకాయ కొరకడం ఆపి, "అవి ఇంతకుముందే ఉన్నాయి కదా దాదా!" అన్నాడు.

అక్క తరఫున వాదించడానికి బ్రహ్మాండమైన పాయింటు దొరికిందని జేబులో వేసుకున్నాను.

ప్లాట్‌ఫారం

సోమవారం పొద్దున్న దిగాను. ఇదిగో, మాట ఇచ్చినట్టు ప్లాట్‌ఫారం. ఈ చివర దిగినప్పుడు నేను గడ్డం గీసుకుని ఉన్నాను. ఆ చివర బావ కనబడేసరికి గడ్డం చేతికి తగులుతోంది. మధ్యలో రెండుసార్లు టీ తాగాను. ఒకసారి దారి అడిగితే పోర్టరు "సీదా జాయియే" అన్నాడు. ఆ సీదాలో మా విజయనగరం స్టేషను నాలుగుసార్లు పడుతుంది. మట్టి పిడతలో టీ తాగి పిడత నేలకేసి కొట్టాలట, అది అక్కడి మర్యాద. మా ఇంట్లో గ్లాసు పగలగొడితే వారం రోజులు మాట్లాడరు. అక్కడ నేను పగలగొట్టి మరీ నడిచాను, ప్రాణానికి ఎంత హాయిగా ఉందో.

"ఏటోయ్, ఒచ్చినావా! టైము సూసుకోనేదేటి, రైలు దిగి గంటయ్యింది!" అన్నాడు బావ.

"నడుస్తున్నాను బావా. రైలు కంటే ఎక్కువ దూరం నడిచాను."

న్యూ సెటిల్‌మెంట్

మా బావ క్వార్టరు న్యూ సెటిల్‌మెంట్‌లో. వీధిలో చెవులు మూసుకుని నడిస్తే బెంగాలు, తెరుచుకుని నడిస్తే శ్రీకాకుళం. అరుగు మీద ఆడవాళ్ళు "ఏటే, సేపలు తెచ్చినావా?" అని తెలుగులో మొదలుపెట్టి, చేపలవాడితో "దాదా, కొతో?" అని బెంగాలీలో బేరమాడి, డబ్బాలో చిల్లర చాలకపోతే "ఠీక్ హై, కల్ లేనా" అని హిందీలో ముగిస్తారు. ఒక్క చేపకి మూడు భాషలు. మనం ఒక్క భాషలో బేరమాడి మోసపోతాం.

అక్క నా కోసం చేపల పులుసు పెట్టింది. పులుసు మన ఊరిదే. పక్కన మట్టి ముంతలో బెంగాలీ తియ్యపెరుగు. పులుసన్నం తిన్నాక తియ్యపెరుగు తినడం అంటే ఏడుస్తున్నవాణ్ణి పిలిచి పెళ్ళి చేసినట్టుంటుంది. రెండు ముంతలు తిన్నాను.

వరండాలో వరసగా ఆవకాయ సీసాలు. నోరూరి ఒకదాని మూత తీయబోయాను.

"తియ్యకు మావయ్యా! పిల్లలున్నాయి!" అంటూ వరాలు పరిగెత్తుకొచ్చింది. సన్నగా, నల్లగా, మోచేతుల దాకా బూడిదతో, కళ్ళు మాత్రం ఇంజను దీపాల్లా ఉంటాయి. సీసాలోకి చూశాను. ఎర్రమట్టి మీద ఆవగింజంత మిడత పిల్లలు ఎగిరెగిరి మూతకి తల కొట్టుకుంటున్నాయి.

"సూసినావా తమ్ముడూ," అంది అక్క. "పదమూడు సీసాలు. నా ఆవకాయంతా అల్యూమినం గిన్నెలోకి పోసీసినాను, కంపు కొట్టి పారబోసినాను. ఇదీ మా ఇంట్లో సైన్సు."

ఆ ఒక్క మాటతో నేను పూర్తిగా అక్క పక్షం అయిపోయాను. ఆవకాయకు అన్యాయం చేసే శాస్త్రాన్ని నేను సమర్థించలేను.

బూడిదగుట్ట

మంగళవారం పొద్దున్నే వరాలు వెంట వెళ్ళాను, దారిలో బుద్ధి చెబుదామని. ఖరగపూర్ నేల ఎర్రటి మొరం నేల. ఒక్క రోజు నడిస్తే పంచె అంచుకి ఉచితంగా రంగు పడుతుంది. ఆ ఎర్రనేల మధ్యలో, ఇంజన్ల షెడ్డు వెనకాల, ఏళ్ళ తరబడి ఇంజన్లు కక్కిన బొగ్గు బూడిద పోసిన గుట్ట ఉంది. హిమాలయాలకు కాటుక పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. సరే, మా ఇంటి డాబా అంత ఎత్తు.

"మావయ్యా, ఇప్పుడు చూడు," అని వరాలు ఎర్రనేల మీద వల విసిరి ఒక మిడతను పట్టింది. ఇటుక రంగు. దాన్ని వదిలేసి గుట్ట మీదికి వెళ్ళి ఇంకొకటి పట్టింది. అచ్చం అదే మిడత, కాకపోతే కాకి రంగు.

"రెండూ ఒకటే జాతి. ఇక్కడ ఎరుపు, అక్కడ నలుపు. ఎందుకు?"

"ఇందులో ఏముందే? మీ నాన్న కూడా పెళ్ళికి ముందు చామనచాయగా ఉండేవాడు. వర్క్‌షాపులో చేరాక ఇలా అయ్యాడు."

"నాన్న సబ్బెట్టి తోమితే తెల్లబడతాడు. ఇవి కడిగినా ఇంతే. నల్లవాటి గుడ్లు తెచ్చి ఎర్రమట్టిలో పొదిగించాను. నల్లవే పుట్టాయి, నల్లగానే పెరుగుతున్నాయి. అమ్మ సీసాల్లో ఉన్నవి అవే."

"అయితే ఈ గుట్ట మీద ఎర్రవి ఎప్పుడూ లేవా?"

"ఉండేవుంటాయి మావయ్యా. గుట్ట పోసినప్పుడు చుట్టుపక్కల్నించి అన్నీ వచ్చేవుంటాయి. నల్లనేల మీద ఎర్రవాటిని పిట్టలు ఏరుకుని తినేసుంటాయి. ఎక్కడో ఒకటీ అరా నల్లగా పుట్టినవి మిగిలుంటాయి. వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు... అలా గుట్టంతా నల్లబడింది. నేననుకునేది ఇది."

"అనుకునేది అంటే?"

వరాలు జాకెట్టు చేతికి చెమట తుడుచుకుంది. "మా ప్రొఫెసరు గారు అదే అడిగారు. పిట్టలు తిన్నాయంటున్నావు, నువ్వు చూశావా అని. గురువారం ఆయనే కలకత్తా నుంచి వస్తున్నారు. నా జాగా చూసి, నచ్చితే ఇంకో రెండేళ్ళు పరిశోధనకి జీతం ఇమ్మని రాస్తారు. నచ్చకపోతే..." 

నచ్చకపోతే శుక్రవారం ఉండనే ఉంది. బళ్ళో టీచరు పని.

ఆ జాగా అంటే గుట్ట పైన చదునుగా ఉన్న చోట నాలుగు వైపులా రాళ్ళు పేర్చి, మధ్యలో తాడు కట్టిన స్థలం. రెండు పెళ్ళిపందిళ్ళంత ఉంటుంది. రెండేళ్ళుగా అందులో గడ్డిపరక కూడా పీకకుండా కాపాడుతోందట. ప్రతి పొద్దూ తాడుకి ఈ పక్క ఎన్ని, ఆ పక్క ఎన్ని అని లెక్క. ప్రతి మిడతకీ ముందురెక్కల మీద వర్క్‌షాపు రంగుతో చుక్కలు. చుక్కల్ని బట్టి నంబరు.

నేను బుద్ధి చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఒక నల్లమిడత ఎగిరొచ్చి నా ముక్కు మీద కూర్చుంది.

"కదలకు మావయ్యా! ఎడమ రెక్క మీద రెండు పసుపు, కుడి రెక్క మీద ఒక తెలుపు. నలభై ఏడు!" అని రాసుకుంది. "దీనికి మనుషులంటే భయం లేదు. పోయిన వారం నాన్న జేబులో దూరింది."

ముక్కు మీద మిడత ఉన్న మనిషి బుద్ధులు చెప్పలేడు. ప్రయత్నించి చూడండి. నోరు మూసుకుని ఇంటికి వచ్చాను.

విశ్వకర్మ పూజ నాడు

బుధవారం విశ్వకర్మ పూజ. ఖరగపూర్‌లో అది దసరాకంటే పెద్ద పండుగ. ఆ రోజు వర్క్‌షాపులో యంత్రాలకు సెలవు, మనుషులకు పూజ. సుత్తికి బొట్టు, లేతుకి దండ, ఆకాశం నిండా గాలిపటాలు. మా బావ తన రెంచికి పెట్టినంత పెద్ద బొట్టు మా అక్క నుదుటి మీద కూడా లేదు. పూజకి ముందు వర్క్‌షాపంతా వెల్లవేస్తారు. అసలు రైల్వే వాళ్ళకి ఒక అలవాటుంది. పెద్దసాహెబు వస్తున్నాడంటే కదలనిదానికల్లా సున్నం కొడతారు. రాయికి, చెట్టు మొదలికి, సిగ్నలు స్తంభానికి. కదిలేవి మనుషులు కాబట్టి వాళ్ళకి ఉతికిన చొక్కాలు ఇస్తారు.

ఆ రోజు వరాలు పొద్దున్నే లెక్క పూర్తి చేసుకుని, రిపోర్టు టైపు చేయించడానికి మిద్నాపూర్ బస్సెక్కింది. మధ్యాహ్నం బావ, అతని జతగాళ్ళు పోలయ్య, నిమాయి దాదా వరండాలో కూర్చుని ఝపటాపూర్ బజారు నుంచి తెచ్చిన వంకాయ బజ్జీలు తింటున్నారు. ఇరవై పైసలకు చేతినిండా బజ్జీలు. అలాంటివి మా ఊళ్ళో దొరికితే నేను ఉద్యోగం మానేసేవాణ్ణి.

"రేపు పెద్ద పొపెసరు వొస్తాడు," అన్నాడు బావ దిగులుగా. "పిల్ల ఆ మసి గుట్ట సూపిస్తాదట. సూడగానే మొకం తిప్పేసుకుంటాడేమో."

"ఇనిస్పెక్షనే కదేటి?" అన్నాడు పోలయ్య.

"ఇన్‌స్పెక్షన్?" అన్నాడు నిమాయి దాదా, నిటారుగా కూర్చుంటూ.

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఇక్కడ నేను నా వంతు నేరం ఒప్పుకోవాలి. "పూజలో సున్నం మిగిలిందా బావా?" అని అడిగింది నేనే. ఊరికే, సరదాకి అడిగాను. నా సరదాలన్నీ అలాగే మొదలవుతాయి.

అరగంటలో గుట్ట మీద ఉన్నాం. రెండు పీపాల సున్నం, సున్నం చిమ్మే చేతిపంపు ఒకటి, నాలుగు చీపుళ్ళు. మొదట సరిహద్దు రాళ్ళకి కొట్టారు. ముత్యాలపేరులా ఉంది. అక్కడితో ఆగితే బాగుండేది.

"సుట్టూ తెల్లగుండి, మద్దిన నల్లగుంటే అసయ్యంగా నేదేటి?" అన్నాడు పోలయ్య.

"సాహెబు నిలబడేది మద్దినే కదరా," అన్నాడు బావ.

నేలకే కొట్టారు. పంపు పట్టి, పల్లవి పాడుతూ, గడ్డి పీకి, కంకర ఊడ్చి, తాడుకి ఈ పక్కనున్న సగాన్ని పెళ్ళిపీటలా తయారుచేశారు. మిడతలు ఎగిరి పక్కకు పోయి, మళ్ళీ తమ చోటికే వచ్చి కూర్చున్నాయి. ఇక ఆ పక్క సగం మొదలుపెట్టాలి. రెండో పీపా మోసుకురమ్మని నాకు అప్పజెప్పారు. నేను ఠీవిగా ఎత్తి, ఠీవిగా నడిచి, మధ్యలో తాడు తట్టుకుని, పీపాతో సహా పడ్డాను. సున్నమంతా నా మీదే పడింది. గుట్ట మీద అంత తెల్లటి వస్తువు చరిత్రలో లేదు.

"ఇంక సున్నం నేదు," అన్నాడు బావ. "పోనీ, సగమైనా సక్కగున్నాది."

సాయంత్రం

అయిదున్నరకు వరాలు టైపు కాగితాలు గుండెకు హత్తుకుని తిన్నగా గుట్ట మీదికి వచ్చింది. మేం నలుగురం వరసగా నిలబడ్డాం, బహుమతి కోసం.

ఆమె మమ్మల్ని దాటుకుని తాడు దాకా నడిచి, తెల్లనేల అంచున ఆగిపోయింది. అది చూశాక మాకు భయం వేసింది.

"మీ సార్ని ఒట్టి మసిలోకి తీసికెల్తావేటే..." అన్నాడు బావ. సగంలో ఆగిపోయాడు.

"నాన్నా," అంది వరాలు, పక్కనే ఉన్న పాత రైలుపట్టా మీద కూలబడి. "రెండేళ్ళ నించీ ఆ నేల మీద గడ్డిపరకైనా కదపనేదు నేను."

మా బావ ముప్ఫై ఏళ్ళు ఇనుముతో కుస్తీ పట్టిన మనిషి. తలపాగా తీసి, మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. నేను సున్నం ఎండిన పంచెలో వంగలేక, నిలబడే క్షమాపణ చెప్పాను. వినబడిందో లేదో.

ఇంట్లో మరీ విచిత్రం. అక్క కోరుకున్నదే జరిగింది కదా, ఇంక మిడతలు లేవు, టీచరు పనే గతి. బల్ల మీద ఎదురుగా పెట్టిన బడి ఆర్డరు కాగితాన్ని అక్క తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక దాచేసింది. బావ మీద మాత్రం విరుచుకుపడింది.

"బుద్దుందేటి మీకు? రెండేల్లు అది పడ్డ పాట్లు కల్లారా సూసినారు కాదేటి? ఎండలో, వానలో! నా సీసాలు పదమూడు పోతే నాను ఊరుకున్నాను కాదేటి?"

వరాలు అన్నం కెలుకుతూ, తనలో తాను అన్నట్టు, "పొద్దున్న రెండు పక్కలా లెక్క పెట్టే వెళ్ళాను," అంది. ఎవరికీ అర్థం కాలేదు. నాకసలే కాలేదు. నేను తినకుండా లేచాను. ఇది ఎక్కడా చెప్పకండి, మా ఊళ్ళో నమ్మరు.

గురువారం

తెల్లారగానే వరాలు, బావ, నేను గుట్ట దగ్గరికి వెళ్ళాం. ఊళ్ళో పిట్టలన్నీ మాకంటే ముందే వచ్చాయి. తీగల మీద తోక చీలిన ఏట్రింతలు, కింద గోరింకలు, పక్కన పిలవని చుట్టాల్లా కాకులు. తెల్లటి సున్నం మీద నల్లమిడతలు ఇడ్లీ మీద ఆవగింజల్లా కనబడుతున్నాయి. ఒక ఏట్రింత తీగ మీంచి బాణంలా దిగి, ఒకదాన్ని ఎత్తుకుని, సిగ్నలు స్తంభం ఎక్కి, రెక్కలు తుంచి కింద పారేసి మిగతాది మింగేసింది.

"ఓలమ్మా, మా పిల్ల మిడతలు!" అని బావ తుండు తిప్పుతూ పిట్టల్ని తోలడానికి పరిగెత్తాడు.

"నాన్నా! తోలకు! తోలకు!" అని వరాలు అరిచిన అరుపుకి షెడ్డులో ఇంజను ఒకటి ఆగిందని నా నమ్మకం. బావ గాల్లో తుండుతో అలాగే ఉండిపోయాడు. వరాలు బోర్లా పడుకుని నోట్‌బుక్ తెరిచింది. "మావయ్యా, నువ్వు నల్లపక్క చూడు. ఏ పిట్టైనా దిగితే చెప్పు."

నేనూ బోర్లా పడుకున్నాను. పంచె విరిగింది. తెల్లపక్క పండుగ విందు జరుగుతోంది. నల్లపక్కకి ఒక గోరింక దిగి, మిడతల మధ్య నుంచే నాలుగడుగులు నడిచి, ఏమీ లేదనుకుని ఎగిరిపోయింది. ఆ మిడతలు నాకు కనబడ్డాయి, దానికి కనబడలేదు! అంటే, వరాలు వేలు పెట్టి చూపించాక నాకు కనబడ్డాయి.

అలా బావతో సహా ముగ్గురం బోర్లా పడుకుని ఉండగా, గొడుగు, నల్ల బూట్లు, సన్నటి కాళ్ళు మా ముందు ఆగాయి. ప్రొఫెసరు గారు. స్టేషన్ నుంచి ఆయన్ని తీసుకురావాల్సిన సంగతి అందరం మర్చిపోయాం.

"ఏటా కే కొరేఛే?" అన్నారాయన, తెల్లనేల వైపు గొడుగు చూపించి. ఇది ఎవరు చేశారని.

మా బావ లేచి సావధానంగా నిలబడ్డాడు. అంతా తానే చేశానని, పిల్లకి తెలియదని, దాని తప్పు లేదని హిందీలో ఒప్పుకున్నాడు. "మైనే కియా, సాబ్. బేటీ కో మాలూమ్ నహీ థా. ఉస్కా గల్తీ నహీ హై."

ప్రొఫెసరు గారు గొడుగు మూసి, చేతిరుమాలు పరిచి, దాని మీద కూర్చున్నారు. రెండు గంటలు కూర్చున్నారు. ఈ రెండు గంటల్లో నేను అతిశయోక్తి ఒక్కటి కూడా ఆలోచించలేదంటే నా పరిస్థితి మీరే ఊహించండి.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. సున్నం ఘాటుకి మిడతలు పారిపోయాయేమో? వరాలు ఆయన్ని సిగ్నలు స్తంభం కిందికి తీసుకెళ్ళింది. కింద రెక్కలు. వాటి మీద చుక్కలు. ఆమె ఒక్కో రెక్కా ఎత్తి నంబరు చదువుతుంటే ఆయన నోట్‌బుక్కులో సరిచూశారు. దాదాపు అన్నీ నిన్న పొద్దున్న తెల్లపక్క లెక్కలో ఉన్నవే. నల్లపక్కవి ఒకటి రెండు మించి లేవు.

"మిగతా కనబడనివి కూడా తినేసినట్టే కదా సార్," అన్నాను నేను ఉత్సాహంగా, నాకు వచ్చిన హిందీలో.

ఆయన నా వైపు మొదటిసారి చూశారు. "రెక్క దొరికితే చచ్చినట్టు. దొరక్కపోతే కనబడనట్టు. కనబడనివాటిని చంపే అధికారం మనకి లేదు, మోశాయ్." తర్వాత తాడు వైపు చూపించి అడిగారు, "సగం నల్లగా వదిలేశారే. అదే లేకపోతే ఈ తెల్లసగం వల్ల ఉపయోగం లేదు, దేనితో పోల్చి చూస్తాం? ఈ ఆలోచన ఎవరిది?"

అందరూ నన్ను చూశారు. నేను కూడా ఒకసారి వెనక్కి చూశాను, ఎవరైనా ఉన్నారేమోనని.

"నాది సార్," అన్నాను. "దాని కోసం నేను పడాల్సి వచ్చింది."

వరాలు నవ్వింది. నిన్న సాయంత్రం నుంచి మొదటిసారి.

భోజనం దగ్గర ఆయన మా అక్క పులుసు రెండుసార్లు వడ్డించుకుని, తీర్పు చెప్పారు. ఒక్క రోజు సున్నంతో ఏదీ రుజువు కాదు. ఇదే పని పద్ధతిగా, చాలాసార్లు, ఎర్రవాటితో కూడా చెయ్యాలి. అందుకు రెండేళ్ళు కావాలి. ఆ రెండేళ్ళకీ తాను రాస్తానన్నారు. తర్వాత బావ వైపు తిరిగి, "దాదా, ఇంకోసారి సున్నం వెయ్యగలరా? మీ అమ్మాయి గీత గీసిన చోట మాత్రమే," అన్నారు.

"జీ సాబ్!" అన్నాడు బావ. పులుసు గరిటె చేతిలో ఉండగానే సెల్యూట్ కొట్టాడు. ఆ మరక గోడ మీద ఇంకా ఉంటుంది.

తిరుగు ప్రయాణం

శుక్రవారం పొద్దున్న అక్క బియ్యం డబ్బా వెనక నుంచి ఆర్డరు తీసి వరాలు ముందు పెట్టింది. "రాయే. రానని రాయి. మర్యాదగా రాయి, రేపు మల్లీ ఆల్లతో అవసరం పడొచ్చు." తర్వాత నాతో, "కోటరు ఒగ్గీసినాక తాల్‌బగీచాలో రెండు గదులు సూసుకుంటాం. వరండా ఉన్నది సూడాల. సీసాలకి," అంది.

బుద్ధి చెప్పడానికి వెళ్ళి, ఒక్క బుద్ధి కూడా చెప్పకుండా, ఇంత తేలిక మనసుతో నేనెప్పుడూ రైలెక్కలేదు. ప్లాట్‌ఫారం కూడా కాస్త పొట్టిగా కనబడింది.

శనివారం ఇంట్లో సంచి విప్పాను. సున్నపు పంచె మడతలోంచి నల్లగా ఏదో ఎగిరి, మా హాలు తెల్లగోడ మీద కూర్చుంది. ఎడమ రెక్క మీద రెండు పసుపు చుక్కలు, కుడి రెక్క మీద ఒక తెలుపు. వెంటనే కిటికీలు మూశాను. బల్లిని చీపురుతో బయటికి సాగనంపాను. మా ఆవిడ తలుపు తీయబోతే కాకులొస్తాయని అడ్డుపడ్డాను. ఆవిడ నన్ను ఖరగపూర్ వాళ్ళు ఏదో చేసి పంపారని నిర్ధారణ చేసుకుంది. ఆ పూటే కార్డు రాశాను: నలభై ఏడు నా దగ్గరుంది, క్షేమం.

నిన్న జవాబొచ్చింది. "మావయ్యా, దాన్ని కనబడనివాటిలో రాశాను. ఇప్పుడు కొట్టేసి 'విజయనగరం' అని రాశాను. నీ సంచిలో వచ్చిందని కూడా రాశాను, ఎగిరి వచ్చిందని ఎవరైనా అనుకుంటారేమోనని. ప్రొఫెసరు గారికి కూడా తెలియజేశాను."

కింద, కార్డు అంచున, చోటు చాలక అడ్డంగా తిప్పి, మా అక్క చేతిరాత.

"తమ్ముడూ, దానికి రోజూ పచ్చి గడ్డి ఎయ్యి. మరవకు. అది మన పిల్ల లెక్కలోది."